అయిదు ఎంబీల ఉప్పునాలుక

వెర్షన్ 6.0

ఈ ఫైలు పేరు ‘మార్పులు’. సాఫ్ట్‌వేర్ ప్యాకేజీకి కొత్త వెర్షన్ విడుదల చేసినప్పుడల్లా అందులో ఏం మారిందో ఇక్కడ రాయాలని, ప్యాకేజీలన్నిటినీ దాచి పంచే భాండారం నియమం. అందరూ ‘చిన్న చిన్న తప్పులు సరిచేశాం’ అని ఒక ముక్క గిలికి చేతులు దులుపుకుంటారు. ఇన్నాళ్ళూ నేనూ అంతే. ఇక మీదట ఉన్నది ఉన్నట్టు రాస్తాను. అక్షరాలకు బరువెంతని! తూచాలని ఉంటే దీన్ని కూడా తక్కెట్లో పెట్టి తూచుకోండి, నాకేం భయం లేదు.

నా పేరు మంగతాయారు. ‘ఉప్పునాలుక’ ప్యాకేజీని చూసుకునేది నేను. సముద్రం పోటు మీదున్నప్పుడు ఉప్పునీరు నది అడుగు పట్టుకుని నాలుకలాగా పైకి పాకుతుంది. మంచినీరు తేలిక కనుక దాని మీద తేలుతుంది. ఏ రేవులో, ఏ పోటుకు, ఉప్పు అడుగు నుంచి ఎంత ఎత్తుకు లేస్తుందో లెక్కకట్టి చెప్పడమే ఈ ప్యాకేజీ పని. పంపుగది పెట్టెలో ఆ లెక్క చూసుకుని లంకల వాళ్ళు పంపు గొట్టాన్ని ఉప్పుకు పైన నిలబెట్టి, మంచినీళ్ళు తోడి ట్యాంకు నింపుకుంటారు. వేసవంతా తాగేది ఆ నీళ్ళే. ప్యాకేజీ ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా తీసుకోవచ్చు, విప్పి చూడవచ్చు, తప్పుంటే దిద్దవచ్చు. దిద్దినవాళ్ళ పేర్లన్నీ ఇందులోనే ఉన్నాయి.

ఈ పొద్దున సోలారు పలకలకు పట్టిన ఉప్పును తడిగుడ్డతో తుడుస్తున్నాను. మా ఊరంతా ఈ పాత హైవే వంతెన మీదే ఉంది. కింద నేలంటూ ఉంటే కదా దిగి కాపురం ఉండడానికి! అప్పుడు గాలిబుంగ వచ్చింది. కొండల మీది భాండారం వాళ్ళు గాలివాటున వదిలే పెద్ద బుడగ అది. మా నెత్తి మీద నుంచి దాటిపోయేలోపు అందులోంచి దిగాల్సినవి దిగాలి, మా దగ్గర్నుంచి ఎక్కాల్సినవి ఎక్కాలి. తీరం మొత్తానికి ప్యాకేజీలు, మెయిళ్ళు, వాతావరణం కబుర్లు అన్నీ దాని మీదే. ఇవాళ నాకు దిగింది ఒక నోటీసు. ప్యాకేజీ ఏడు ఎంబీలు దాటిందట. ఒక్కోదానికి హద్దు అయిదట. డాక్యుమెంటేషన్ అనవసరంగా పెద్దదిగా ఉందట, నేను తగ్గించకపోతే వాళ్ళ యంత్రమే తగ్గిస్తుందట. అనవసరంగానట! ఒళ్ళు మండిపోయింది.

మా డాక్యుమెంటేషన్ అంటే కాగితాలు కావు, గొంతులు. ఒక్కో రేవుకు ఆ రేవు పంపు నడిపే మనిషే తన గొంతుతో ఒక ఉదాహరణ చెప్పి పెడతారు. మోటారు వేసేముందు దాన్ని పంపుగది లౌడుస్పీకర్లో వినిపిస్తారు. దీన్నే మా వైపు ‘మాట వెయ్యడం’ అంటారు. బిందెలు పట్టుకొచ్చిన ఆడవాళ్ళు, చుట్ట కాల్చుకుంటున్న ముసలాళ్ళు, అందరూ వింటారు. విన్నాకే మోటారు. గొట్టం దింపే మనిషికి రెండు చేతులూ తాడు మీద ఉంటాయి, పుస్తకం తిరగేసే తీరిక ఎక్కడిది?

కాకిలంక మాట మా మేనబావ బుల్లబ్బాయిది. ఆ పంపు నడిపేది అతనే. ఉప్పునాలుకలో సగం తప్పులు పట్టుకున్నదీ అతనే, మిగతా సగం పెట్టిందీ అతనే. ఆ మాట ఇలా ఉంటుంది: “నేను కాకిలంక బుల్లబ్బాయినండి. ఈ పెట్టి చెప్పే అంకె నది అడుగు నుంచి పైకండి, ఆయ్. మనం తాడుకి ముడులేసి నీటి మీద నుంచి కిందకి కొలుత్తాం గదా, అలా కొలిచేరో, ఉప్పు తాగుతారు. గొట్టం కట్టి అడుక్కి దింపే గుంజుంది గదా, దాని మీద అడుగు నుంచి లెక్కెట్టుకోండి.” నీటి మట్టం పోటుకు ఆడుతూ ఉంటుంది, అడుగు కదలదు. అందుకే ప్యాకేజీ అడుగు నుంచి లెక్క కడుతుంది. లంకల్లో మాత్రం తాతల నాటి నుంచీ పైనుంచి కిందికే కొలత. ఈ ఒక్క సంగతి మనిషి గొంతుతో చెప్పించడానికి నాకు ఏళ్ళు పట్టింది.

భాండారానికి జవాబు రాశాను. తగ్గించను, మీ హద్దే పెంచుకోండి అని మొదలుపెట్టి ఇంకా చాలా రాశాను. బుల్లబ్బాయి బావ చదివి, తిట్లు తీసేస్తే ఇందులో సంతకం ఒక్కటే మిగులుద్దే మరదలా అన్నాడు. అయినా పంపేశాను. తాటాకు చప్పుళ్ళకు బెదరడానికి నేనేమన్నా కుందేలునా?

వెర్షన్ 6.0.1

ఇది నేను విడుదల చేసింది కాదు. నా పేరు మీద భాండారం యంత్రం విడుదల చేసింది. నిన్న గాలిబుంగ దాటిపోయాక తీరంలోని పంపులన్నీ కొత్త వెర్షన్ ఎక్కించుకున్నాయి. కోడు అంతా భద్రంగా ఉంది. మాటలు ఒక్కటి లేవు. వాటి స్థానంలో ‘విలువ: ఉప్పు మట్టం, మూరల్లో’ అని ఒకే ఒక్క వాక్యం ఉంది. తప్పేం లేదు అందులో. ఏ అక్షరానికీ వంక పెట్టలేం. అడుగు నుంచా పైనుంచా అన్నది మాత్రం లేదు, అంతే.

కాకిలంకలో పొద్దున్నే పంపు దగ్గర రభస జరిగిందట. స్పీకరు గుర్రుమని ఊరుకుంది. బిందెలవాళ్ళు మోటారు మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. మాటేదని బుల్లబ్బాయి బావను నిలదీశారట. ఆ మాట చెప్పిన మనిషిని నేనే, ఎదురుగా నిలబడ్డాను గదా అన్నా ఒప్పుకోలేదట. చివరికి అతను స్పీకరు పక్కన నిలబడి మొత్తం పాఠం నోటితో అప్పజెప్పాక గానీ వదల్లేదు. మిగతా పాత లంకల్లోనూ దాదాపు ఇదే వరస. వింటుంటే నాకు నవ్వొచ్చింది. మా వాళ్ళు గట్టివాళ్ళు అనుకున్నాను.

మధ్యాహ్నం రేడియోలో వేగిలంక కబురు వచ్చింది. ఆ నవ్వు అక్కడితో సరి.

వేగిలంక వాళ్ళు ఈ ఏడే పంపు పెట్టుకున్నారు, మోటారు వెయ్యడం అదే మొదటిసారి. అంతకు ముందు పడవల్లో తెచ్చిన నీళ్ళే తాగేవారు. మాట వెయ్యడమనే అలవాటు వాళ్ళకు ఇంకా తెలియదు. స్పీకరు మాట్లాడకపోతే అడగాలని తెలిసినవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. పంపు నడపడానికి అచ్చియ్యమ్మ అనే మనిషిని పెట్టుకున్నారు. పెట్టె నాలుగు మూరలని చూపించింది. ఆవిడ తాడుకు ముడులు వేసి నీటి మీద నుంచి నాలుగు మూరలు కొలిచి గొట్టం దింపింది. అక్కడ నది లోతే ఆరు మూరలు. గొట్టం తిన్నగా ఉప్పులోకి దిగింది. రుచి కూడా చూసిందట పాపం, తియ్యగానే ఉన్నాయట. మోటారు తిరుగుతూనే ఉంది. ట్యాంకులో సగం దాకా ఉన్న వాన నీళ్ళలో ఉప్పు కలిసిపోయింది.

కోసినవాడు కొండ మీద చల్లగా ఉన్నాడు. ఉప్పు తాగుతున్నది వేగిలంక. దీన్ని చిన్న చిన్న తప్పుల కింద రాయమంటారా?

వెర్షన్ 6.0.2

ఈ వెర్షన్ కూడా నాది కాదు. యంత్రం ఇంకేదో కామా సరిచేసుకుని అంకె పెంచుకుంది. నేను ఆ రోజు వేగిలంకలో ఉన్నాను.

బుల్లబ్బాయి బావ పడవలో వెళ్ళాం. దారి పొడుగునా అతను ఒక్క వేళాకోళం కూడా ఆడలేదు. రేవులోనే లంకపెద్ద గవర్రాజుగారు ఎదురయ్యాడు. పెద్దమనిషి, చెడ్డవాడు కాదు. కానీ ఊరందరి ఎదుట నిలబడాల్సినవాడు కనుక ఎవరో ఒకరిని వేలెత్తి చూపించాలి. అచ్చియ్యమ్మను పంపు నుంచి తీసేశామన్నాడు. ఆడమనిషి చేతిలో పెట్టడమే మా బుద్ధి తక్కువ అని కూడా అన్నాడు. పోనీ మీరు నడిపి ఉంటే ఎటు నుంచి కొలిచేవారండీ అని అడిగాను. ఆయన పంపు తాడు ముడుల వైపు చూశాడు.

ట్యాంకు కడిగి పారబోశారు. మళ్ళీ నింపుకోవడానికి మిగిలింది ఒక్కటే అదను. వచ్చే అమావాస్య దాటితే పైనుంచి నదికి నీళ్ళు రావు, ఆ తర్వాత వానాకాలం దాకా మా రేవులన్నిటిలో అడుగు నుంచి పైదాకా ఉప్పే. ఈ లోపు ఒక్కసారి పోటు తీసి సముద్రం వెనక్కి తగ్గినప్పుడు తోడుకోగలిగితే వేగిలంక వేసవి గట్టెక్కుతుంది. లేదంటే లంక ఖాళీ చెయ్యాలి. పడవ నీళ్ళవాళ్ళు వేరే ఒప్పందాలు చేసుకున్నారు, మళ్ళీ రామన్నారు.

కిటుకు తెలిసిపోయింది కదా, రేపే తోడుకోండి అన్నాను. అక్కడి ఆడవాళ్ళు అడ్డం తిరిగారు. కాకిలంక చుట్టాలు వచ్చి చెప్పి వెళ్ళారట, మాట లేని పంపు ముట్టుకోవద్దని. బుల్లబ్బాయి బావ తాను నిలబడి చెబుతానన్నాడు. పడవలో వచ్చిన మనిషి పడవలో పోతాడు, మాట మా పెట్టెలోనే ఉండాలి అన్నారు వాళ్ళు. నాకు లోపల్లోపల సంతోషమేసింది. పంపులు భాండారం ముద్ర ఉన్న ప్యాకేజీని తప్ప ఇంకొకటి ఎక్కించుకోవు కనుక అంతకంటే ఎక్కువ గుబులూ వేసింది. మాటలతో కూడిన వెర్షన్‌కు అమావాస్యలోపు ముద్ర పడాలి. అందులో వేగిలంకకు సొంత మాట ఉండాలి.

అచ్చియ్యమ్మ వలలు ఆరేసే కొట్టం వెనక కూర్చుని ఉంది. నలభై ఏళ్ళుంటాయి. నన్ను చూసి లేచింది గానీ ముఖం ఎత్తలేదు. రుచి చూశావట కదా, మరి తియ్యగా ఎలా ఉన్నాయి అని అడిగాను.

“మోటారు నీళ్ళందుకోడానికి ముందు మనమే రెండు బిందెల వాన నీళ్ళు పోత్తాం గదక్కా. ముందు బయటికొచ్చినవి అయ్యే. నేను పోసిన నీళ్ళే నేను రుచి చూసేను.”

నేను ఆ కొట్టం వెనకే చతికిలబడ్డాను. ఇన్ని రేవుల మాటలున్నాయి మా దగ్గర, ఈ సంగతి ఏ ఒక్క మాటలోనూ లేదు. అందరూ అడుగు నుంచి కొలవమన్నవాళ్ళే. పొరపాటున ఉప్పులో దింపితే, దింపామని ఎలా తెలుస్తుందో ఎవరూ చెప్పలేదు. వేగిలంక మాట నువ్వే చెప్పాలి అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఊరికి ఉప్పు తాగించినదాని గొంతు ఎవరు వింటారంది. గవర్రాజుగారూ అదే మాటన్నాడు, బుల్లబ్బాయిగారి చేత చెప్పించండి, పరువుగా ఉంటుందన్నాడు. పరువు తోడుకుని తాగుతారా అని నా నోటిదాకా వచ్చింది. అన్నాను కూడా.

వెర్షన్ 6.1 (తిరస్కరించారు)

మాటలన్నీ తిరిగి పెట్టాను. వేగిలంకకు ఖాళీ చోటు ఉంచాను. మొత్తం ఏడుకు పైనే అయింది. ఒక్క మాటా తీయకుండా భాండారానికి పంపాను. గాలిబుంగ అలా ఎక్కించుకుని వెళ్ళి తిరుగు గాలికి తిరస్కరణ దించింది. కింద పరిశీలకుడి పేరుంది, నిరంజన్ అని. మనిషంటూ ఒకడు ఉన్నాడు కదా అని రేడియోలో పట్టుకున్నాను.

కుర్రవాడే, మర్యాదస్తుడు. నేను అరిచినంతసేపూ విన్నాడు. వేగిలంక సంగతి తనకు తెలియదని, చాలా బాధగా ఉందని అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. ఆ తర్వాత ఉపాయాలు చెప్పడం మొదలుపెట్టాడు. మాటలను రాతలోకి మారిస్తే ఓ మూలకు సరిపోతాయన్నాడు. పంపుగదిలో ఎవరు చదువుతారో వచ్చి చూడమన్నాను. గొంతులను ఇంకా నొక్కి చిన్నవి చెయ్యమన్నాడు. ఇప్పటికే నొక్కీ నొక్కీ బుల్లబ్బాయి కుండలో తల పెట్టి మాట్లాడినట్టు వినిపిస్తున్నాడన్నాను. మాటల కోసం ఒక తోడు ప్యాకేజీ పెట్టి విడిగా పంపమన్నాడు. తోడు ప్యాకేజీలను బుంగలో ఆఖరున పెడతారు, గాలి కాస్త విసురుగా ఉంటే అవి దిగనే దిగవు. ముందు గొట్టం దిగి, వెనకెప్పుడో మాట దిగితే ఎవరికి లాభం? అదీ చెప్పాను. చివరికి, మీ హద్దు పెంచితే ఏం పుట్టి మునుగుతుంది అని అడిగేశాను.

“మేడమ్, మీకు రెండు ఎంబీలు ఎక్కువ ఇస్తే ఆ రోజు వరసలో చివర ఉన్నది దిగదు. మొన్న దిగనిది పసిపిల్లల జ్వరం మందు మోతాదు లెక్క. ఎవరిది ఆపమంటారో మీరే చెప్పండి, ఆపుతాను.”

నేను రేడియో కట్టేశాను. కోపంతో కట్టెయ్యలేదు, అదీ రాస్తున్నాను. నా కోపం అంతా ఆ అయిదు అంకె మీద పెట్టుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ అంకె న్యాయమైనదే. బుంగకు గాలి ఎంతో అంతే కదా మరి. ఆ అయిదులో ఏది ఉండాలో, ఏది పోవాలో వాళ్ళ యంత్రం తేల్చడమే అన్యాయం. కోడుంటే పని, మాటుంటే దండగ అని దానికెవరు నేర్పారో!

సాయంత్రం బుల్లబ్బాయి బావ ఎండు రొయ్యలు తెచ్చాడు. ప్యాకేజీ విప్పి ఏది ఎంత బరువుందో అతనికి చూపించాను. మాటలు దాదాపు నాలుగు ఎంబీలు. ‘అంచనా’ అనే ఒక్క ఫైలు మూడున్నర. మిగిలినదంతా కలిపి పిసరంత. ఆ అంచనా ఫైలు నేను కట్టింది. ఎన్నో ఏళ్ళ ఆటుపోట్ల కొలతలు మింగి, ఉప్పు ఎక్కడ నిలుస్తుందో బెత్తెడు తేడా లేకుండా చెప్పే లెక్కల ముద్ద అది. దాన్ని చూసే భాండారం వాళ్ళు ఉప్పునాలుకను ‘శాస్త్రం’ అరలో పెట్టారు. నా పేరు పక్కన ముద్ర వేశారు. ఎక్కడెక్కడి పండితులో దాని గురించి మెయిళ్ళు రాస్తారు.

అది లేనప్పుడు పాత సూత్రం ఒకటి ఉండేది, పదిహేను వరసల కోడు. అదీ తప్పు చెప్పదు. కాకపోతే మొరటుది, ఉప్పుకు పైన ఇంకో మూరెడు జాగా వదిలెయ్యమంటుంది. అంటే తోడుకునే సమయం తగ్గుతుంది, ట్యాంకు నిండా నిండదు.

బావ రొయ్య నములుతూ చాలాసేపు తెర వైపు చూశాడు. నిండా నిండిన ఉప్పు కంటే ముప్పాతిక తీపి నయం గదే అన్నాడు మెల్లిగా. ఆ తర్వాత, నీకు కట్టంగా ఉంటే దాన్ని తీసేసే మీట నేనే నొక్కుతాను, నువ్వు అటు తిరిగి కూర్చో అన్నాడు.

నేను అటు తిరగలేదు. నేనే నొక్కాను. కళ్ళనీళ్ళు వచ్చాయి, వస్తే వచ్చాయి.

వెర్షన్ 7.0

మార్పు: అంచనా ఫైలు తీసేశాం. పాత సూత్రం తిరిగి పెట్టాం. మాటలన్నీ ఉన్నాయి. వేగిలంక మాట కొత్తగా చేర్చాం.

దీని వెనక జరిగింది ఇది. మళ్ళీ వేగిలంక వెళ్ళాను. ఈసారి అచ్చియ్యమ్మకు నచ్చజెప్పలేదు, బతిమాలలేదు. నా ప్యాకేజీలోంచి నేనేం తీసేశానో చెప్పాను. నీ గొంతుకు చోటు కావాలని తీశాను, నువ్వు చెప్పకపోతే ఆ చోటు అలా ఖాళీగానే పోతుంది అన్నాను. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, ఎక్కడ నిలబడి చెప్పాలంది.

గవర్రాజుగారు, ఇంకొందరు పంపుగది బయట నిలబడ్డారు. చెబితే చెప్పింది గానీ పేరు చెప్పకుండా చెప్పమనండి, తీరమంతా వింటారు, లంకకు తలవంపులు అన్నాడాయన. నేను నోరు తెరిచేలోపు అచ్చియ్యమ్మే ఆయన వైపు తిరిగింది.

“మాట వేసినోళ్ళందరూ పేరు చెప్పేరండి బాబాయిగారూ. నేనొక్కదాన్నీ దొంగలాగ ఎందుకు చెప్పాలి? నేను దొంగతనం చెయ్యలేదు గదండీ.”

నేను మైకు నొక్కాను. ఆవిడ ఒక్కసారే చెప్పింది, రెండోసారి చెప్పమనే అవసరం రాలేదు.

ప్యాకేజీ బరువు నాలుగుకు కొంచెం పైన తేలింది. యంత్రం కిక్కురుమనలేదు. నిరంజనే రేడియోలో పిలిచాడు. మేడమ్, అంచనా ఫైలు పొరపాటున పోయిందేమో చూసుకోండి అన్నాడు. పొరపాటు కాదు, నేనే తీశానన్నాను. అంచనా లేకపోతే శాస్త్రం అరలో ఉంచలేమని, నా ముద్ర కూడా పోతుందని, ‘ఇతరాలు’ అరలోకి దించాల్సి వస్తుందని చెప్పాడు. ఇతరాల్లో ఏముంటాయంటే జాతకాలు, పొడుపు కథలు, కోడిపందేల లెక్కలు. కుర్రవాడు నాకంటే ఎక్కువ బాధపడుతున్నాడు. హద్దుకు లోపల ఉండేలా గొంతులు కాసిని తీసి, అంచనా సగమైనా ఉంచమని అడిగాడు.

“బాబూ, ఏది తియ్యాలో మీ యంత్రం చెబితే ఏం జరిగిందో చూశాం. ఈసారి నేను చెప్పాను. నన్ను ఏ అరలో పడేస్తారో పడెయ్యండి, ముద్ర మాత్రం ప్యాకేజీ మీద వెయ్యండి. నా పేరు మీద అక్కర్లేదు.”

వేశాడు. ఆ రోజు బుంగలోనే పెట్టించాడు. అంతే కాదు, యంత్రం ఇకపై పనిచేసేవాళ్ళను అడగకుండా ఏ డాక్యుమెంటేషనూ కొయ్యకూడదని పైవాళ్ళకు ఒక విన్నపం పెట్టాడట. పైవాళ్ళు ఏమంటారో తెలియదు. నేనూ దానికింద సంతకం చేశాను, తిట్లు లేకుండా.

ఎవరో పండితుడు అప్పుడే మెయిలు కొట్టాడు. ఉప్పునాలుక వెనక్కి నడుస్తోందని, పదిహేను వరసల సూత్రం పిల్లలాట అని వాపోయాడు. అంచనా ఫైలు పాత వెర్షన్లో ఉంది, కావలసినవాళ్ళు తీసుకుని బొమ్మలు గీసుకోవచ్చని జవాబిచ్చాను. ఓపెన్ సోర్సు కదా, ఎవరు కాదన్నారు?

వెర్షన్ 7.0.1

కోడులో మార్పులేమీ లేవు. ఇది రాయడానికే అంకె పెంచాను. ఏం చేసుకుంటారో చేసుకోండి.

అమావాస్యకు ముందు రోజు పొద్దున పోటు తీసే వేళకు వేగిలంక పంపు దగ్గరికి లంకంతా వచ్చింది. బిందెలు వరసగా పేర్చారు. అచ్చియ్యమ్మను మళ్ళీ పంపు మీద పెట్టాలా అన్నది ఇంకా తేలలేదు. గవర్రాజుగారు తన మేనల్లుడిని వెంటబెట్టుకుని వచ్చాడు. ముందు మాట వెయ్యండి, ఆ తర్వాత చూద్దాం అన్నారు ఆడవాళ్ళు. బుల్లబ్బాయి బావ స్పీకరు నొక్కాడు. అచ్చియ్యమ్మ గుంజ పక్కన నిలబడి ఉంది. స్పీకర్లోంచి ఆవిడ గొంతు వచ్చింది.

“నా పేరు అచ్చియ్యమ్మ. వేగిలంక పంపు నాది. పెట్టి నాలుగు మూరలంది. నేను నీటి మీద నుంచి నాలుగు మూరలు దింపేను. అది అడుగు నుంచి పైకి లెక్కండి. నేను ఉప్పు తోడి నా లంకకి పోసేను. మీరు గుంజ మీద అడుగు నుంచి లెక్కెట్టుకోండి. మోటారేసేక మొదటి రెండు బిందెలు రుచి చూడకండి, అయ్యి మనం పోసిన నీళ్ళే, తియ్యగానే ఉంటాయి. మూడో బిందె చూడండి. ఉప్పుంటే మోటారు ఆపెయ్యండి. ఎవరేమన్నా ఆపెయ్యండి. ఆపినందుకు ఎవరన్నా తిడితే నా పేరు చెప్పండి.”

స్పీకరు ఆగింది. పసిపిల్ల ఒకతె ఏడుస్తోంది. మేనల్లుడు తాడు అందుకోబోయాడు. వరసలో ముందున్న ముసలావిడ అతని చెయ్యి పక్కకు నెట్టి, తాడు తీసి అచ్చియ్యమ్మ చేతిలో పెట్టింది. గవర్రాజుగారు చూశాడు, ఓ అడుగు వెనక్కి వేశాడు.

అచ్చియ్యమ్మ పెట్టెలో అంకె చదివింది. గుంజ కింది కొస నుంచి వేళ్ళతో మూర గాట్లు లెక్కపెట్టుకుంటూ పైకి వచ్చింది. ఒకసారి కాదు, రెండుసార్లు కొలిచింది. అక్కడ గొట్టం కట్టి, గుంజ కొస నది అడుగు తాకేదాకా తాడుతో దింపింది. మోటారుకు రెండు బిందెల నీళ్ళు పోసింది, మోటారు తిరిగింది. మొదటి బిందె గట్టు మీద పారబోసింది, రెండోదీ పారబోసింది. అన్ని నీళ్ళు నేలపాలవుతుంటే చూసి తట్టుకోలేక ఎవరో అయ్యో అన్నారు. మూడో బిందె నిండాక గ్లాసు ముంచి, తను తాగలేదు. తిన్నగా గవర్రాజుగారి దగ్గరికి వెళ్ళి అందించింది. ఉప్పుకు అడ్డంగా మాకున్నవి పదిహేను వరసల సూత్రం, ఆవిడ వేళ్ళు, అంతే.

ఆయన కళ్ళు మూసుకుని నోట్లో పోసుకున్నాడు. కాసేపు అలాగే పుక్కిట పట్టాడు. గుటక వేశాడు. తర్వాత గ్లాసు ఎత్తి ఆఖరి చుక్కదాకా తాగాడు.

“ఇంకో గ్లాసు పొయ్యమ్మా” అన్నాడు.

“వరసలో రండి బాబాయిగారూ” అని అచ్చియ్యమ్మ ఆయన చేతిలోని గ్లాసు తీసుకుని, ముందున్న ముసలావిడ బిందెను గొట్టం కిందికి జరిపింది.